నంద్యాల లోక్‌సభ నియోజకవర్గం

ఆంధ్రప్రదేశ్‌లోని 25 లోక్‌సభ స్థానాల్లో నంద్యాల ఒకటి. రాయలసీమకు ఉత్తరపు కొసన, ఒక పక్క నల్లమల, ఇంకో పక్క ఎర్రమల కొండలు కాపు కాస్తుంటే మధ్యలో కుందూ నది పారే నేల ఈ నియోజకవర్గానికి నడిబొడ్డు. ఆళ్లగడ్డ, శ్రీశైలం, నందికొట్కూరు, పాణ్యం, నంద్యాల, బనగానపల్లె, డోన్ అనే ఏడు శాసనసభ స్థానాలు దీని పరిధిలో ఉన్నాయి. వాటిలో నందికొట్కూరు ఎస్సీలకు రిజర్వు అయింది. లోక్‌సభ స్థానం జనరల్.

ఇక్కడినుంచి గెలిచినవాళ్లలో ఒకరు రాష్ట్రపతి అయ్యారు. ఇంకొకరు ప్రధానమంత్రి హోదాలోనే ఇక్కడికి వచ్చి పోటీ చేశారు. ఆ ఇద్దరూ ఈ ప్రాంతంవాళ్లు కారు. 1967 తర్వాత ఈ స్థానానికి మూడు ఉపఎన్నికలు జరిగాయి. మామూలుగా ఉపఎన్నిక అంటే సభ్యుడు చనిపోయాడనుకుంటాం. నంద్యాలలో మూడుసార్లూ కారణం అది కాదు. ఒకసారి గెలిచిన మనిషి రాష్ట్రపతి భవన్‌కు వెళ్లిపోయాడు. ఒకసారి గెలిచిన మనిషి ప్రధాని కోసం కుర్చీ ఖాళీ చేశాడు. మూడోసారి ఆ ప్రధానే వేరే రాష్ట్రంలోని స్థానాన్ని ఉంచుకుని దీన్ని వదిలేశాడు. నంద్యాల చరిత్రలో ఖాళీ చేసిన సీట్లకు గెలిచిన సీట్లకున్నంత ప్రాధాన్యం ఉంది.

నేల, నీరు

1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి వదిలేసిన దత్త మండలాల్లోని భాగం ఇది. దత్త మండలాలు అనే మాట చెవికి బాగాలేదని, ఈ సీమకు రాయలసీమ అన్న పేరును చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించింది 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలోనే. ఇప్పటి నియోజకవర్గంలో ఒక ముక్క మాత్రం కంపెనీకి నేరుగా దక్కలేదు. బనగానపల్లె నవాబుల సంస్థానంగా ఉండి, 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అంటే అక్కడి రైతులు నవాబు పాలన నుంచి వయోజన ఓటు హక్కుకు నాలుగేళ్లలో వచ్చేశారన్నమాట. మామిడిపళ్ల పేరుగా బనగానపల్లె అందరికీ తెలుసు. సంస్థానంగా దాని చరిత్ర చాలామందికి తెలియదు.

ఎన్నికల్లో ఇక్కడ ఎప్పుడూ తిరిగే మాట నీళ్లు. సుంకేసుల దగ్గర తుంగభద్ర మీద మొదలయ్యే కర్నూలు-కడప (కేసీ) కాలువను పందొమ్మిదో శతాబ్దంలో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వింది. లాభం రాక 1882లో దాన్ని ప్రభుత్వానికి అప్పగించింది. కేసీ కెనాల్ కింద వరి పండే ఊళ్లూ, ఎర్రమల పక్కన వాన మీద ఆధారపడ్డ డోన్ మెట్టా ఒకే లోక్‌సభ స్థానంలో ఉన్నాయి. కృష్ణా నది మీద శ్రీశైలం జలాశయం ఈ నియోజకవర్గపు ఉత్తరపు హద్దు. దాని వెనక నీటిని రాయలసీమకు మళ్లించే పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ నందికొట్కూరు వైపు ఉంది. తెలుగుగంగ, శ్రీశైలం కుడి కాలువ, వెలుగోడు, అవుకు జలాశయాలు ఇక్కడివే. పోతిరెడ్డిపాడు సామర్థ్యాన్ని 11,150 క్యూసెక్కుల నుంచి 44,000కు పెంచే పనిని 2005లో తలపెట్టినప్పుడూ, 2020లో 80,000కు పెంచుతామన్నప్పుడూ రాష్ట్రంలోనూ, తర్వాత పక్క రాష్ట్రంతోనూ గొడవ రేగింది. శ్రీశైలం డ్యాం కింద మునిగిన ఊళ్లవాళ్ల ఉద్యోగాల గొడవ ఒక తరం దాటి రెండో తరానికి వచ్చింది. 2016 మే 31న సిద్ధేశ్వరం దగ్గర అలుగు కట్టాలంటూ వేలాది రైతులు నది ఒడ్డుకు నడిచారు. ఏ పార్టీ జెండా కిందా జరగని ఆ నడకకు ఇక్కడి ప్రతినిధులందరూ ఏదో ఒక జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

తొలి స్థానం, మాయమైన స్థానం

1952లో తొలి సాధారణ ఎన్నికలప్పుడు ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉంది. నంద్యాల పేరుతో లోక్‌సభ స్థానం ఉండేది. అక్కడ గెలిచింది స్వతంత్ర అభ్యర్థి రాయసం శేషగిరిరావు. పక్కనున్న కర్నూలులో కూడా కాంగ్రెస్ గెలవలేదు. మద్రాసు రాష్ట్రపు ఆంధ్ర జిల్లాల్లో ఆ ఎన్నికలు కాంగ్రెస్‌కు చేదుగా మిగిలాయి. మరుసటి ఏడాది అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది.

తర్వాత స్థానం పేరు పటం నుంచి తొలగిపోయింది. 1957, 1962 ఎన్నికల్లో నంద్యాల లేదు. కర్నూలు జిల్లాలోనూ చుట్టుపక్కలా ఆదోని, కర్నూలు, మార్కాపురం అనే స్థానాలుండేవి. 1967లో పునర్విభజన తర్వాత ఆదోని పోయి నంద్యాల మళ్లీ వచ్చింది. ఊరు ఉన్నచోటే ఉంటుంది. గీతలు మాత్రం అప్పుడప్పుడూ అటూ ఇటూ జరుగుతాయి. అయితే ఆ గీతలతో పాటు నేతలు కూడా జరిగిపోతారని పెండేకంటి వెంకటసుబ్బయ్య జీవితం చూపిస్తుంది.

ఆయన 1957లో, 1962లో ఆదోని నుంచి కాంగ్రెస్ సభ్యుడిగా గెలిచారు. ఆదోని స్థానం పోయాక 1967, 1971లలో నంద్యాల నుంచి గెలిచారు. 1977లో ఒకసారి ఓడి, ఆ తర్వాత వచ్చిన ఉపఎన్నికలోనూ 1980లోనూ మళ్లీ గెలిచారు. ఈ స్థానాన్ని ఎక్కువసార్లు గెలిచింది ఆయనే. 1980 నుంచి ఇందిరాగాంధీ ప్రభుత్వంలో హోం శాఖ సహాయమంత్రిగా ఉన్నారు. 1985 తర్వాత బీహారుకూ, తర్వాత కర్ణాటకకూ గవర్నరయ్యారు.

ఆయన పేరు చరిత్రలో నిలిచింది లోక్‌సభలో చేసిన పని వల్ల కన్నా బెంగళూరులోని రాజ్‌భవన్‌లో తీసుకున్న ఒక నిర్ణయం వల్ల. 1989 ఏప్రిల్‌లో కర్ణాటక ముఖ్యమంత్రి ఎస్.ఆర్. బొమ్మైకి మద్దతు ఉపసంహరించుకుంటున్నామని 19 మంది శాసనసభ్యుల పేరిట లేఖలు వచ్చాయి. కొందరు తమ మాట వెనక్కి తీసుకున్నారు. సభలో బలం నిరూపించుకుంటానని బొమ్మై అడిగారు. గవర్నరు అవకాశమివ్వకుండా రాష్ట్రపతి పాలనకు సిఫారసు చేశారు. ఆ కేసే 1994 మార్చి 11న తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఇచ్చిన బొమ్మై తీర్పయింది. ఆధిక్యం తేలాల్సింది సభలోనే గాని గవర్నరు గదిలో కాదని ఆ తీర్పు చెప్పింది. ఇప్పటికీ ఏ రాష్ట్రంలో ప్రభుత్వం ఊగినా ఆ తీర్పు మాటే ఎత్తుతారు. ఆ తీర్పుకు దారితీసిన నిర్ణయం ఒక నంద్యాల మాజీ ఎంపీదని మాత్రం ఎవరూ గుర్తుచేసుకోరు.

1977: నలభై రెండింటిలో ఒకటి

ఎమర్జెన్సీ తర్వాత 1977 మార్చిలో జరిగిన ఎన్నికల్లో ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 స్థానాల్లో 41 గెలిచింది. జనతా పార్టీకి దక్కిన ఆ ఒక్కటీ నంద్యాల. గెలిచింది నీలం సంజీవరెడ్డి. ఓడింది పెండేకంటి.

సంజీవరెడ్డి అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి. ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి. 1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు వెళ్లి స్పీకరయ్యారు. 1969లో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీ చేసి వి.వి. గిరి చేతిలో ఓడారు. ఆ ఓటమే కాంగ్రెస్ చీలికకు నాంది. 1971లో అనంతపురంలోనూ ఓడి పొలం పనుల్లోకి వెళ్లిపోయారు. అలాంటి మనిషి సొంత జిల్లా వదిలి నంద్యాలకు వచ్చి గెలవడం ఊరికే జరిగింది కాదు. కర్నూలు జిల్లాతో ఆయనకు పాత సంబంధం ఉంది. 1962లో శాసనసభకు ఎన్నికైంది డోన్ నుంచి. ఆ డోన్ ఇప్పుడు నంద్యాల లోక్‌సభ పరిధిలోనే ఉంది.

ఆ సంబంధంలో ఒక చిక్కు కూడా ఉంది. ముఖ్యమంత్రిగా ఆయన కర్నూలు జిల్లాలో బస్సు రూట్లను జాతీయం చేసే పథకం తెచ్చినప్పుడు, జిల్లా పశ్చిమ భాగాన్ని ముందుగా ఎంచుకోవడం వెనక రాజకీయ కక్ష ఉందన్న ఆరోపణ సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. తనపై పడిన వ్యాఖ్యల కారణంగా ఆయన 1964లో ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. కోర్టు మాట మీద పదవి వదిలేసిన ముఖ్యమంత్రులు మనకు ఎక్కువమంది లేరు. ఏ జిల్లా బస్సుల గొడవలో కుర్చీ పోయిందో, పదమూడేళ్ల తర్వాత అదే జిల్లా ఆయన్ను ఢిల్లీకి తిప్పి పంపింది.

నంద్యాలకు ఆయన ఎంపీగా ఉన్నది నాలుగు నెలలే. 1977 మార్చి 26న రెండోసారి లోక్‌సభ స్పీకరయ్యారు. రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ ఫిబ్రవరిలో చనిపోయి ఉండటంతో ఆ పదవికి అన్ని పార్టీలూ సంజీవరెడ్డి పేరు మీద ఒప్పుకున్నాయి. జులై 13న స్పీకరు పదవి వదిలి, పోటీ లేకుండా ఎన్నికై, జులై 25న ప్రమాణం చేశారు. రాష్ట్రపతి పార్లమెంటు సభ్యుడిగా ఉండకూడదని రాజ్యాంగం 59వ అధికరణ చెబుతుంది. అలా నంద్యాల ఖాళీ అయింది. ఉపఎన్నికలో ఓటర్లు మళ్లీ పెండేకంటినే ఎన్నుకున్నారు. జనతా పార్టీకి ఆ జిల్లాలో బలం ఉందని కాదు, సంజీవరెడ్డికి ఉందని ఆ ఫలితం చెప్పింది.

1991: ఖాళీ చేసిన కుర్చీ

1984లో ఎన్టీ రామారావు ప్రభంజనంలో తెలుగుదేశం అభ్యర్థి మద్దూరు సుబ్బారెడ్డి గెలిచారు. 1989లో కాంగ్రెస్ అభ్యర్థి బొజ్జా వెంకటరెడ్డి తిరిగి తెచ్చుకున్నారు. 1991లో కాంగ్రెస్ నుంచే ఆళ్లగడ్డకు చెందిన గంగుల ప్రతాపరెడ్డి గెలిచారు. అప్పటికే ఎన్నికల మధ్యలో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. ఆ ఎన్నికల్లో పోటీ చేయకుండా రాజకీయాల నుంచి తప్పుకునే ఆలోచనలో ఉన్న పి.వి. నరసింహారావు జూన్ 21న ప్రధానమంత్రిగా ప్రమాణం చేశారు. దక్షిణాది నుంచి ఆ పదవి చేపట్టిన తొలి వ్యక్తి ఆయన. ఏ సభలోనూ సభ్యుడు కాని మంత్రి ఆరు నెలల్లో ఎన్నిక కావాలి. అంటే డిసెంబరు 21 లోపు.

పీవీ తెలంగాణవాడు. హనుమకొండ నుంచి రెండుసార్లు గెలిచారు. 1984లో అక్కడ బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడి, అదే ఏడు మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి గెలిచారు. 1989లోనూ రాంటెక్ నుంచే. 1991 నవంబరులో ఆయనకు దొరికింది నంద్యాల. ప్రతాపరెడ్డి రాజీనామా చేశారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడు గనుక పోటీ పెట్టబోమని తెలుగుదేశం అధ్యక్షుడు ఎన్టీ రామారావు ప్రకటించారు. కాంగ్రెస్‌కు వ్యతిరేకంగా ఆత్మగౌరవం పేరుతో పుట్టిన పార్టీ కాంగ్రెస్ ప్రధానికి దారి వదలడం అప్పట్లో పెద్ద వార్త. రాజకీయంగా చూస్తే అందులో గొప్ప మనసూ ఉంది, లెక్కా ఉంది. ప్రధానితో తలపడి ఓడడం కన్నా పోటీకి దిగకపోవడం పార్టీకి మర్యాదగా ఉంటుంది.

బీజేపీ నిలబడింది. ఆ పార్టీ అభ్యర్థి హైదరాబాద్‌కు చెందిన బంగారు లక్ష్మణ్. తర్వాత 2000లో ఆ పార్టీ జాతీయ అధ్యక్షుడైన తొలి దళితుడు ఆయనే. పీవీకి 6,26,241 ఓట్లు వచ్చాయి, లక్ష్మణ్‌కు 45,944. తేడా 5,80,297. ఆ మెజారిటీ గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు తెచ్చుకోవాలి. రెండో స్థానంలో నిలిచిన అభ్యర్థి కూడా ఆ గీతకు సగం దూరంలోనే ఆగిపోయాడు.

ఆ రికార్డు తర్వాత పోయింది. 2004లో బెంగాల్‌లోని ఆరాంబాగ్‌లో సీపీఎం అభ్యర్థి అనిల్ బసు 5,92,502 ఓట్ల తేడాతో గెలిచారు. 2014లో మహారాష్ట్రలోని బీడ్ ఉపఎన్నికలో ప్రీతమ్ ముండే దాదాపు ఏడు లక్షల తేడా తెచ్చుకున్నారు. తండ్రి గోపీనాథ్ ముండే మరణంతో వచ్చిన ఆ ఎన్నికలో ఎన్సీపీ పోటీ పెట్టలేదు. 2024లో ఇండోర్‌లో శంకర్ లాల్వానీ మెజారిటీ పదకొండు లక్షలు దాటింది. అక్కడ కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ వెనక్కి తీసుకున్నారు. వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే, పెద్ద మెజారిటీల్లో చాలావాటికి గెలిచినవాడి జనాదరణతో పాటు ఎదుటి పార్టీ తప్పుకోవడం కూడా కారణమని తేలుతుంది. నంద్యాల కూడా అలాంటిదే. అంతమాత్రాన ఆ ఓట్లు ఉత్తవి కావు. పోటీ లేదని తెలిసీ ఆరు లక్షల మందికి పైగా వచ్చి ఒకే మనిషికి ఓటేయడం కూడా ఒక రకమైన తీర్పే.

అలా 1991 చివరి నుంచి 1996 వరకు దేశ ప్రధాని నంద్యాల ఎంపీ. ఆర్థిక సంస్కరణల్లో ఎక్కువ భాగం, బాబ్రీ మసీదు కూల్చివేత, పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ, 1993 జులైలో అవిశ్వాస తీర్మానాన్ని అతితక్కువ ఓట్లతో నెగ్గడం అన్నీ ఈ కాలంలోనివే. 1993 డిసెంబరు 23న ఆయన ప్రభుత్వమే ఎంపీ లాడ్స్ పథకాన్ని ప్రకటించింది. తన నియోజకవర్గంలో బడి గదులు, బోర్లు, సామాజిక భవనాలకు సభ్యుడే నిధులు సిఫారసు చేసే పథకం అది. త్వరలోనే ఏడాదికి కోటి రూపాయలైన ఆ మొత్తం 2011-12 నుంచి 5 కోట్లయింది. చట్టాలు చేయడానికి ఎన్నికైన మనిషిని ఊళ్లో పనులు చేయించే మనిషిగా ఓటరు చూడటానికి ఈ పథకం కొంత కారణమైంది. దాన్ని తెచ్చిన ప్రధాని మాత్రం తన నియోజకవర్గంలో అలా కనిపించే ఎంపీగా ఉండే వీలు లేనివాడు. నంద్యాలకు ఢిల్లీలో అంత దగ్గరి మనిషి అంతకు ముందు లేడు, ఆ తర్వాతా లేడు. ఊళ్లో మాత్రం ఎంపీ లేనట్టే ఉండేది.

ఇదే పద్ధతి శాసనసభ స్థాయిలోనూ జరిగింది. 1992 అక్టోబరులో కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రయ్యారు. శాసనసభ్యుడు కాకపోవడంతో 1993లో పాణ్యం ఉపఎన్నికలో గెలిచి సభలో అడుగుపెట్టారు. ఆయన కోసం పాణ్యం ఖాళీ చేసింది కాటసాని రాంభూపాల్‌రెడ్డి. కొంతకాలం ప్రధానీ, ముఖ్యమంత్రీ ఇద్దరూ వేరేవాళ్లు వదిలిన ఈ జిల్లా సీట్లలోనే కూర్చున్నారన్నమాట.

1996లో పీవీ నంద్యాలలోనూ, ఒడిశాలోని బరంపురంలోనూ పోటీ చేసి రెండుచోట్లా గెలిచారు. నంద్యాలలో ఆయన్ను ఎదుర్కొన్నది తెలుగుదేశం అభ్యర్థి భూమా నాగిరెడ్డి. ఈసారి పోటీ నిజమైనదే. దేశంలో కాంగ్రెస్ ఓడిపోయింది. పీవీ బరంపురం ఉంచుకుని నంద్యాల వదిలేశారు. తెలుగువాడని 1991లో పోటీ లేకుండా చేసిన నేల నుంచి ఆయన వెళ్లిపోయింది తెలుగువాళ్లు గణనీయంగా ఉన్న బరంపురానికే అనుకుని కొందరు సర్దుకున్నారు. సర్దుకోనివాళ్లు ఎక్కువ. ఒకే మనిషి ఎన్ని స్థానాల్లోనైనా నిలబడే వీలు అప్పటివరకు ఉండేది. 1985లో ఎన్టీ రామారావు మూడు శాసనసభ స్థానాల్లో పోటీ చేసి మూడూ గెలిచారు. 1996లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి రెండుకు పరిమితం చేశారు.

నంద్యాల ఓటరు ఈ కాలంలో ఎన్నిసార్లు బూత్‌కు వెళ్లాడో చూడాలి. 1991 సాధారణ ఎన్నిక, అదే ఏడు ఉపఎన్నిక, 1996 సాధారణ ఎన్నిక, మళ్లీ ఉపఎన్నిక, 1998, 1999. తొమ్మిదేళ్లలోపు ఆరు లోక్‌సభ ఎన్నికలు. అసెంబ్లీ, పంచాయతీ ఎన్నికలు వేరే.

భూమా, ఎస్పీవై

1996 ఉపఎన్నికలో భూమా నాగిరెడ్డి గెలిచారు. 1998, 1999లలో కూడా ఆయనే. మూడేళ్లలో మూడుసార్లు. ఆళ్లగడ్డ శాసనసభ స్థానం నుంచి పైకి వెళ్లడంతో అక్కడ ఖాళీ ఏర్పడింది. 1997 ఉపఎన్నికలో ఆయన భార్య శోభా నాగిరెడ్డి గెలిచారు. ఆమె తండ్రి ఎస్.వి. సుబ్బారెడ్డి 1983లో అదే ఆళ్లగడ్డ ఎమ్మెల్యే. పీవీ బరంపురం ఎంచుకోవడం వల్ల మొదలైన గొలుసు ఆళ్లగడ్డలో ఒక కొత్త నాయకురాలి రాకతో ముగిసింది.

ఈ ప్రాంతపు రాజకీయం కొద్ది కుటుంబాల చుట్టూ తిరుగుతుందన్నది దాచేదేమీ కాదు. గంగుల, భూమా, శిల్పా, కాటసాని, బైరెడ్డి, గౌరు, కోట్ల, కేఈ. పార్టీలు మారాయి, కుటుంబాలు మారలేదు. ఊరి కక్షలు, వాటి వెంట వచ్చిన కేసులు, బాంబుల సంస్కృతి ఒక తరంపాటు ఎన్నికలను శాసించాయి. సినిమాలు దాన్ని రెండింతలు చేసి చూపించాయి. ఆ కుటుంబాల్లోని తర్వాతి తరం డాక్టర్లుగా, ఇంజనీర్లుగా చదువుకుని వచ్చి అదే సీట్లలో నిలబడుతోంది.

2004లో గెలిచిన ఎస్.పి.వై. రెడ్డి ఆ వరసలోకి రారు. ఇంజనీరు, భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేసి వచ్చి నంద్యాలలో ప్లాస్టిక్ పైపుల పరిశ్రమ పెట్టారు. నంది పైపులు రాయలసీమ బోరుబావుల కాలానికి సరిగ్గా సరిపోయిన సరుకు. తక్కువ ధరకు పేదలకు రొట్టె, పప్పు పెట్టించడం వల్ల పట్టణంలో పేరు వచ్చింది. మునిసిపల్ చైర్మన్ అయ్యాక లోక్‌సభకు వెళ్లారు. 2004, 2009లలో కాంగ్రెస్ తరఫున, 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచారు. 2014 ఫలితాలొచ్చిన కొద్ది రోజులకే, సభలో ప్రమాణం కూడా చేయకముందే, తెలుగుదేశంలోకి వెళ్లారు. పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం ఉండగానే ఆ అయిదేళ్లూ సభ్యుడిగా కొనసాగారు. 2019లో జనసేన అభ్యర్థిగా నిలబడ్డారు. ఏప్రిల్ 11న పోలింగ్ జరిగింది. ఓట్ల లెక్కింపు మే 23న. ఈ రెంటికీ మధ్య ఏప్రిల్ 30న ఆయన చనిపోయారు.

మరణం ఎన్నికలతో ముడిపడ్డ మరో సంఘటన ఇదే నియోజకవర్గంలో 2014లో జరిగింది. ఆళ్లగడ్డలో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడ్డ శోభా నాగిరెడ్డి ఏప్రిల్ 24న రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. మే 7న పోలింగ్. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి చనిపోతేనే పోలింగ్ వాయిదా వేయాలని చట్టం చెబుతుంది. అప్పటికి వైఎస్సార్ కాంగ్రెస్ నమోదైన పార్టీయే గాని గుర్తింపు పొందిన పార్టీ కాదు. పోలింగ్ ఆగలేదు, ఆమె పేరు యంత్రం మీద ఉండిపోయింది. ఓటర్లు ఆమెనే గెలిపించారు. ఆ తర్వాత స్థానం ఖాళీ అయినట్టు ప్రకటించి ఉపఎన్నిక జరిపితే కూతురు అఖిలప్రియ పోటీ లేకుండా ఎన్నికయ్యారు. అదే 2014లో నంద్యాల అసెంబ్లీ స్థానం నుంచి గెలిచిన భూమా నాగిరెడ్డి 2016లో తెలుగుదేశంలోకి వచ్చి, 2017 మార్చి 12న చనిపోయారు. ఆగస్టులో జరిగిన ఉపఎన్నిక రాష్ట్రమంతా చూసిన పోరు. తెలుగుదేశం అభ్యర్థి భూమా బ్రహ్మానందరెడ్డి 27,466 ఓట్ల తేడాతో శిల్పా మోహన్‌రెడ్డిపై గెలిచారు. ఏడాదిన్నర దాటాక జరిగిన సాధారణ ఎన్నికల్లో ఆ ఫలితం తిరగబడింది. ఉపఎన్నికను చూసి తర్వాతి ఎన్నికను అంచనా కట్టేవాళ్లకు నంద్యాల మంచి హెచ్చరిక.

గీతలు, జిల్లా

ఇప్పటి ఏడు శాసనసభ స్థానాల కూర్పును జస్టిస్ కుల్‌దీప్ సింగ్ అధ్యక్షతన పనిచేసిన పునర్విభజన సంఘం నిర్ణయించింది. 2001 జనాభా లెక్కల మీద గీసిన ఆ హద్దులు 2009 ఎన్నికల నుంచి అమల్లోకి వచ్చాయి. ఆత్మకూరు, కోయిలకుంట్ల అనే శాసనసభ స్థానాలు పోయి, శ్రీశైలం, బనగానపల్లె వచ్చాయి. నందికొట్కూరు రిజర్వు కావడంతో అక్కడ 1994, 1999లలో గెలిచిన బైరెడ్డి రాజశేఖరరెడ్డి వంటివాళ్లు వేరే చోటు వెతుక్కున్నారు.

పాణ్యం హద్దులు వింతగా ఉంటాయి. కల్లూరు, ఓర్వకల్లు మండలాలు ఇందులోనే ఉన్నాయి. కర్నూలు నగరంలో కలిసిపోయిన కాలనీలవాళ్లు అందువల్ల నంద్యాల ఎంపీకి ఓటేస్తారు. కర్నూలు విమానాశ్రయం కూడా నంద్యాల లోక్‌సభ పరిధిలోనిదే. 2022 ఏప్రిల్ 4న రాష్ట్ర ప్రభుత్వం లోక్‌సభ స్థానాల ప్రాతిపదికన జిల్లాలను 26కు పెంచినప్పుడు నంద్యాల జిల్లా ఏర్పడింది. లోక్‌సభ స్థానమే జిల్లా అన్న సూత్రం పాణ్యం దగ్గర కుదరలేదు. కల్లూరు, ఓర్వకల్లు కర్నూలు జిల్లాలో ఉండిపోయాయి. పాణ్యం, గడివేముల నంద్యాల జిల్లాలోకి వచ్చాయి. అయినా శతాబ్దానికి పైగా కర్నూలు కలెక్టరేట్ గడప ఎక్కిన నంద్యాల, ఆళ్లగడ్డ జనానికి ఆ మార్పు పెద్దదే. నియోజకవర్గం పరిపాలనను అనుసరించడం మామూలు. ఇక్కడ పరిపాలనే నియోజకవర్గాన్ని అనుసరించింది.

ఇటీవలి ఎన్నికలు

2019లో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి పోచా బ్రహ్మానందరెడ్డి రెండున్నర లక్షల తేడాతో గెలిచారు. ఏడు శాసనసభ స్థానాలూ ఆ పార్టీకే వచ్చాయి. 2024లో ఫలితం పూర్తిగా తలకిందులైంది. ఏడింటికి ఏడూ తెలుగుదేశానికి దక్కాయి. లోక్‌సభకు అదే పార్టీ నుంచి బైరెడ్డి శబరి లక్షకు పైగా ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. వృత్తిరీత్యా డాక్టరు, బైరెడ్డి రాజశేఖరరెడ్డి కూతురు. నంద్యాలకు ఆమె తొలి మహిళా ఎంపీ. అంతకుముందు డెబ్బై ఏళ్లకు పైగా ఈ స్థానంలో ఒక్క మహిళ కూడా గెలవలేదు. డోన్‌లో రెండుసార్లు గెలిచి ఆర్థిక మంత్రిగా చేసిన బుగ్గన రాజేంద్రనాథ్ ఈసారి కోట్ల జయసూర్యప్రకాశ్‌రెడ్డి చేతిలో ఓడారు. నంద్యాల ఎమ్మెల్యే ఎన్.ఎం.డి. ఫరూక్, బనగానపల్లె ఎమ్మెల్యే బి.సి. జనార్దన్‌రెడ్డి రాష్ట్ర మంత్రులయ్యారు. పట్టణంలో ముస్లింల సంఖ్య గణనీయంగా ఉండటంవల్ల నంద్యాల అసెంబ్లీ లెక్కల్లో ఫరూక్‌కు ఎప్పుడూ చోటుంది. లోక్‌సభ స్థానంలో మాత్రం 1967 నుంచి ఇప్పటివరకు ముస్లిం అభ్యర్థి గెలవలేదు, బీసీ అభ్యర్థీ గెలవలేదు. పీవీ, పెండేకంటి తప్ప మిగతావాళ్లంతా రెడ్లే.

1976లో 42వ సవరణతో రాష్ట్రాలవారీ లోక్‌సభ స్థానాల సంఖ్యను కదలకుండా ఆపారు. 2001లో 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాత జరిగే తొలి జనాభా లెక్కల వరకు పొడిగించింది. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జనగణనకు కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. దాని తర్వాతి పునర్విభజనలో పాణ్యం, డోన్ ఎటు పోతాయో, నందికొట్కూరు రిజర్వేషన్ మరో స్థానానికి మారుతుందో అప్పుడు తేలుతుంది. చట్టసభల్లో మహిళలకు మూడో వంతు స్థానాలు కేటాయించే 2023 నాటి 106వ సవరణ కూడా ఆ పునర్విభజనకే ముడిపడి ఉంది.